ఆఖరి స్వరం అక్కది

ఆ వెనక గదిలో గోడల నిండా మేకులు. మేకు మేకుకీ ఒక గుడ్డ సంచి. పొడుగువి, పొట్టివి, బొద్దుగా ఉన్నవి, సన్నగా బెత్తంలా వేలాడేవి. కొత్తగా వచ్చినవాళ్ళు గొడుగులు బాగుచేసే దుకాణం కాబోలు అనుకుంటారు. సంచి మూతి తాడు విప్పితే లోపల పిల్లనగ్రోవి ఉంటుంది. సంచికో దేశం. జపాన్‌వాళ్ళ షకుహాచి, అరబ్బుల రెల్లు నాయ్, మట్టితో చేసి కాల్చిన కోడిగుడ్డంత ‘ఒకారినా’, ఎక్కడో సముద్ర దీవుల్లో ముక్కుతో ఊదే వెదురు గొట్టం. మన వేణువులే శ్రుతికొకటి చొప్పున ఒక గోడంతా ఆక్రమించాయి.

వీటన్నిటినీ ఊదే మనిషిని చుట్టపక్కాలంతా ఊదుగొట్టం అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యం అతని బావది. ముక్కుతో ఊదేదాన్ని మొదటిసారి చూసినప్పుడు, "జలుబు చేస్తే కచేరీ రద్దేనా బావమరిదీ?" అని అడిగి, తన జోకుకి తనే వారం రోజులు నవ్వుకున్నాడు బావ. ఊదుగొట్టం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, ఊదడానికే ఊపిరి చాలడం లేదు, పెళ్ళాంతో వాదించడానికి ఎక్కణ్ణుంచి తేను అనేవాడు. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు.

ఇల్లు అక్కా బావలది. వీధివైపు గది అక్క కుట్టు దుకాణం. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. నడిమి గదిలో వాళ్ళ కాపురం. వెనక గది తమ్ముడు ఊదుగొట్టానిది. బావ బేకరీవాళ్ళ రొట్టెల వ్యాను నడుపుతాడు. కచేరీ ఉన్న రోజున అదే వ్యానులో పిల్లనగ్రోవులు ఊరేగేవి. హాల్లో సంచి తాడు విప్పగానే ముందు రొట్టెల వాసన వచ్చేది, తర్వాత సంగీతం.

సంచులన్నీ అక్క కుట్టినవే. యూనిఫారాలు కత్తిరించగా మిగిలిన నీలం ముక్కలు, బూడిదరంగు ముక్కలు, లోపల అస్తరుకి పాత నూలు చీరలు. కొత్త పిల్లనగ్రోవి ఇంటికి వస్తే టేపు పట్టుకొని గిరాకీకి తీసుకున్నట్టే కొలతలు తీసుకునేది. "ఇది నడుం దగ్గర కాస్త లావురా, వదులు పెట్టాలి" అనేది మొహం సీరియస్‌గా పెట్టి. ఒకదానికి కుట్టిన సంచిలో ఇంకోదాన్ని దూర్చాడో, తమ్ముడి పని అయిపోయేది.

తలుపు పక్క మేకుకి ఉండే సంచి మాత్రం వేరు. అందులో రెండు ఉండేవి. ఆండీస్ కొండలవాళ్ళు ఊదే సీకు అది. పొడుగు నుంచి పొట్టికి వరసగా తాడుతో కట్టిన రెల్లు గొట్టాలు. ఆ కొండలవాళ్ళు ఏమనుకొని చేశారో గాని, స్వరాలన్నీ ఒకే వరసలో పెట్టలేదు. ఒకటి వదిలి ఒకటిగా సగం స్వరాలు ఒక వరసకి, మిగతా సగం రెండో వరసకి పంచేశారు. ఆ రెండూ ఇద్దరు పట్టుకోవాలి. ఒకరు ఊదాక రెండోవాళ్ళు అందుకోవాలి, మళ్ళీ మొదటివాళ్ళు. అలా అయితేనే పాట. ఒక్కరి దగ్గర ఎంత విద్య ఉన్నా సగం పాటే.

దాన్ని కొన్న కొత్తలో ఊదుగొట్టం ఒక్కడే కూర్చొని ఒక వరస ఊదుతుంటే, కాజాలు కుడుతున్న అక్క సూది చేత్తో పట్టుకొనే వచ్చింది.

"ఏంట్రా, పాటకి పళ్ళూడాయా?"

"ఇది ఇద్దరు వాయించేదే అక్కా. రెండోవాళ్ళు లేరు."

"నేను చచ్చాననుకున్నావా?" అని సూది జాకెట్టుకి గుచ్చుకొని, పక్కన కూలబడి రెండో వరస తీసుకుంది. సంగీతం అక్షరం ముక్క రాని మనిషి. మూడో రోజుకల్లా పాట నడిచింది.

అందులో వింతేం లేదు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకొని వాళ్ళిద్దరూ ఒక ఆట ఆడేవాళ్ళు. కథలో ఒక మాట అక్క చెప్పాలి, తర్వాతి మాట తమ్ముడు చెప్పాలి. అనగనగా, ఒక, రాజు, అడవికి, అలా. ఎంతసేపు తోచకపోయినా రెండోవాళ్ళు నోరు మూసుకొని కాచుకోవాలి. ఎదుటివాళ్ళ మాట అందించడం పెద్ద నేరం. తమ్ముడికి ఓపిక తక్కువ, అక్క ఆలోచిస్తుంటే ఆ మాట తనే అనేసేవాడు. వెంటనే దుప్పట్లో గట్టిగా గిల్లుడు పడేది. ఆఖరి మాట మాత్రం ఎలా తిప్పినా అక్కకే వచ్చేది, ఆమె ప్రతిసారీ "చచ్చాడు" అనేసేది. ఎన్ని కథల్లో ఎంతమంది రాజులు చచ్చారో ఆ దుప్పటికే తెలియాలి.

సీకులోనూ అంతే అయింది. వాళ్ళు నేర్చుకున్న పాటలో ఆఖరి స్వరం అక్క వరసలో పడింది. "చూశావా, ముగింపు నాది" అనేది. ప్రతి కచేరీలోనూ ఇతర దేశాల పిల్లనగ్రోవులన్నీ అయ్యాక, చివర్లో ఆమె కొంగు సర్దుకుంటూ వేదిక ఎక్కేది. ఈ ఒక్క పాటా ఇద్దరూ వాయించేవాళ్ళు. ముందు వరసలో కూర్చున్న బావ ఆఖరి స్వరానికి ఒక్క స్వరం ముందు చప్పట్లు కొట్టేసేవాడు. తమ్ముడి స్వరం దగ్గర చిన్న ఆపు ఉంటుంది, అదే ముగింపు అనుకునేవాడు పాపం. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏంటి కొరుకుతున్నావన్నాడట, అలాంటి సంగీత జ్ఞానం ఆయనది.

"ఏవండీ, నాది ఇంకా ఒకటి ఉండగానే చప్పట్లేంటండీ?" అని వ్యానులో అక్క తగులుకునేది.

"ఈసారి చూసుకుంటాలే" అనేవాడు బావ. ఏ ఒక్కసారీ చూసుకోలేదు.

తర్వాత అక్కకి దగ్గు పట్టుకుంది. గుడ్డల దుమ్ము అనుకున్నారు. మిషను దగ్గర మూతికి గుడ్డ కట్టుకుంది. వీధి మొదటినుంచి ఇంటిదాకా నడవడానికి రెండుచోట్ల ఆగడం మొదలుపెట్టాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, మెత్తబరిచే మందు లేదని, ఉన్నన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టరు చెప్పాడు. బావ ఆసుపత్రి వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అక్క మాత్రం డాక్టర్ని అడిగింది ఒకటే. "గొట్టాలు ఊదొచ్చా?"

డాక్టరుకి ముందు అర్థం కాలేదు. అయ్యాక, శ్రమ అనిపించనంతవరకు ఊదమన్నాడు.

"విన్నావుగా" అంది తమ్ముడితో. "నా వరస ఇంకెవరికీ ఇవ్వకు."

ఇంట్లో సాధన చేస్తుంటే తమ్ముడికి తెలిసిపోయేది. ముందు పొడుగు గొట్టాలు పోయాయి. వాటికి ఊపిరి ఎక్కువ కావాలి. ఆమె వంతు వచ్చినప్పుడు స్వరం బదులు ఉత్త గాలి వినబడేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. అతను నియమం ప్రకారం ఆ ఖాళీని అలాగే వదిలి తన స్వరం ఊదేవాడు. అక్క చేత్తో సైగ చేసేది, ఆగొద్దు, పద అని. పాట కుంటుకుంటూ నడిచేది. ఆ పెద్ద హాల్లో, అంతమంది ముందు, దీపాల వెలుగులో అక్క నోటినుంచి ఉత్త గాలి రావడం ఎలా చూస్తాను అనుకున్నాడు.

అప్పుడు చేశాడు ఆ పని. కొన్ని సీకులకి వెనక ఇంకో వరస గొట్టాలు కడతారు. వాటిని ఎవరూ ఊదరు, ముందు వరస నాదం నిండుగా రావడానికి ఊరికే తోడుగా ఉంటాయి. అలాగని చెప్పి తన సగానికి వెనక ఒక వరస కట్టాడు. తోడు కోసం కాదు. రెల్లు కొలిచి కోసి, అడుగున లక్క బిగించి, అక్క స్వరాలన్నీ ఆ వెనక వరసలో పెట్టుకున్నాడు. గొట్టాల్ని పెదవి మీద కాస్త వాల్చితే చాలు, ఆమె స్వరం అతని దగ్గరే పలుకుతుంది. అక్క చూసి, "ఇదేంట్రా కొత్తగా?" అంటే, "నాదం బాగుంటుందని" అన్నాడు. ఆమె నమ్మింది. తమ్ముడి మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతుంది?

కచేరీ రోజున హాలు నిండింది. ఒక్కో సంచీ విప్పి, ఊది, మళ్ళీ సంచిలో పెట్టి, చివరికి సీకు దగ్గరికి వచ్చారు. అక్క మెల్లగా మెట్లెక్కి వచ్చి కూర్చుంది. పాట మొదలైంది. నాలుగు అడుగులు సరిగ్గా పడ్డాయి. ఆమె పొడుగు గొట్టం దగ్గర ఊపిరి అందలేదు. అతను వాల్చాడు. స్వరం పలికింది. ఎక్కడా అతుకు కనబడలేదు. ఇంకోచోట కూడా అలాగే అయింది. అమ్మయ్య అనుకున్నాడు.

అక్క పక్క చూపు చూసింది. ఆ తర్వాత వచ్చిన ఆమె వంతు చిన్న గొట్టానిది. దానికి ఊపిరి పెద్దగా అక్కర్లేదు, చిటికెలో పలుకుతుంది. ఆమె పెదవి దగ్గర పెట్టుకుంది గాని ఊదలేదు. కావాలనే ఊదలేదు. అలవాటుపడ్డ అతని పెదవి ఆగలేదు, ఆ స్వరం తనే ఊదేశాడు. ఊదాక గాని అర్థం కాలేదు అది పరీక్ష అని. ఇక అక్కడినుంచి ఆమె ఒక్కటీ ఊదలేదు. గొట్టాలు పెదవికి ఆనించుకొని బొమ్మలా కూర్చుంది. పాట మధ్యలో ఆపడం చేతకాక, రెండు వరసలూ అతనే ఊదుకుంటూ పోయాడు. ఆఖరి స్వరం వచ్చింది. ఒక్క క్షణం ఆగుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. అదీ అతనే ఊదేశాడు.

జనం చప్పట్లు మారుమోగించారు. ఆ రోజు పాట అంత నున్నగా ఎప్పుడూ రాలేదు.

వ్యానులో అక్క ముందు సీట్లో, తమ్ముడు వెనక రొట్టెల ట్రేల మధ్య. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. బావ ఒక్కడే హుషారుగా ఉన్నాడు. "ఏమోయ్ ఊదుగొట్టం, ఇవాళ అదరగొట్టారు ఇద్దరూ! నేను ఇవాళ కూడా తొందరపడ్డానేమో, తిట్టవేంటి?" అన్నాడు భార్యతో.

"లేదండీ" అంది అక్క. "ఇవాళ మీరు సరిగ్గానే కొట్టారు. నాది అప్పటికే అయిపోయింది."

బావకి అర్థం కాలేదు. అర్థమైనవాడు ట్రేల మధ్య ఇంకాస్త ముడుచుకున్నాడు.

మర్నాడు అక్క మిషను దగ్గర కూర్చొని ఒక సంచి కుట్టింది. నీలం గుడ్డ, లోపల మెత్తటి అస్తరు, మూతికి తాడు. ఎప్పటిలాగే చక్కటి పని. ఒక్కరి గొట్టాలకే సరిపోయే సంచి అది. అతని గొట్టాల్ని అందులో పెట్టి తలుపు పక్క మేకుకి తగిలించింది. తన వరసని మిషను సొరుగులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది, దుప్పట్లో గిల్లినట్టు గిల్లినా బాగుండేది. ఆ సంచి వంక చూడలేక అతను తలుపు తెరిచి గోడకి ఆనించి ఉంచేవాడు, అది తలుపు వెనక పడి కనబడకుండా.

మంచికి పోతే చెడు ఎదురైందని తనకి తాను చెప్పుకున్నాడు కొన్నాళ్ళు. తను చేసిందాంట్లో తప్పేముంది, పరువు కాపాడాను కదా అని గోడలతో వాదించాడు. గోడలకేం, వింటాయి. ఈలోగా నడిమి గదిలోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. దాని బుసబుస వెనక గదిదాకా వినబడేది. అక్క దుకాణం మూసేసింది. తమ్ముడు అన్నం పళ్ళెం తెచ్చి ఇస్తే తీసుకునేది, తిన్నావా అని అడిగేది. అంతవరకే. పాట మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

చివరికి బావే కదిపాడు. ఒక సాయంత్రం వ్యాను కడుగుతూ, "మీ ఇద్దరికీ ఏం ముంచుకొచ్చిందో నాకు తెలీదు బావమరిదీ. నాకు చెప్పినా తలకెక్కదు. కానీ మీ అక్క ఉండేది ఇంకా కొన్నాళ్ళే. ఆ గొట్టాల పాట ఒకసారి వాయించు. చప్పట్లు కొట్టక చేతులు దురద పెడుతున్నాయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, బకెట్లోకి వంగినవాడు చాలాసేపు లేవలేదు.

ఊదుగొట్టం తలుపు వెనకనుంచి సంచి తీశాడు. నడిమి గదిలోకి వెళ్ళి అక్క మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. వెనక వరస కట్టిన తాడు ముడి విప్పబోతే రాలేదు. గట్టిగా బిగించాడు మరి. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు.

అక్క చూస్తూనే ఉంది. ముక్కులో గొట్టంతో, మాట మాటకీ ఆగుతూ, "ఆ కత్తెర తీసుకో" అంది.

తలగడ పక్కనే ఉంది ఆమె గుడ్డల కత్తెర. దానితో గుడ్డ తప్ప ఇంకేం కోసినా పదును పోతుందని, పెళ్ళయిన కొత్తలో బావ కాగితం కత్తిరిస్తే రెండు రోజులు మాట్లాడని మనిషి ఆమె. అతను సందేహించాడు.

"పర్లేదు. ఇంకేం కుడతానని" అంది.

తాడు తెగింది. వెనక వరస గొట్టాలు విడిపోయి ఒళ్ళో పడ్డాయి. అప్పుడు ఏడుపొచ్చింది అతనికి. చిన్నపిల్లాడిలా మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. "నువ్వు అందరి ముందు చిన్నబోతావని చేశానక్కా. ఒట్టు, అందుకే చేశాను."

"తెలుసురా." ఆమె ఊపిరి కూడగట్టుకుంది. "ఊపిరి అందలేదు, నా స్వరం పోయింది. పోతే పోయింది. ఆ ఖాళీ కూడా నాదే కదా. పక్కన బతికి కూర్చునే ఉన్నాను. నా చోట్లో నువ్వు కూర్చున్నావు."

అతను తల ఎత్తలేదు.

"రేపు నేను పోతాను. అప్పుడు కూడా నువ్వే పూడ్చేస్తే, నేనొకదాన్ని ఉండేదాన్నని ఎవరికి తెలుస్తుంది?" అని, చెయ్యి చాచి అతని మోచెయ్యి గిల్లింది. పట్టు లేదు దాంట్లో, వేళ్ళు తగిలాయి అంతే. "చిన్నప్పుడూ ఇంతే. నా మాట నువ్వే చెప్పేసేవాడివి. ఏడవకు. ఊదేవాడికి ముక్కు కారితే ఎలా? వాయించు."

వాయించాడు. తన స్వరం ఊది, ఆమె వంతు దగ్గర ఆగి, మళ్ళీ తనది ఊదాడు. ఆ ఖాళీల్లో ఆక్సిజన్ మిషను బుస తప్ప ఏమీ లేదు. దుప్పటి మీద అక్క చూపుడువేలు లేస్తూ, పడుతూ ఉంది. ఒక్క వంతూ తప్పలేదు. అతను ఆ వేలిని చూసుకుంటూ ఊదాడు. ఆఖరికి వచ్చాడు. తన చివరి స్వరం ఊది ఆగాడు. వేలు లేవలేదు. కాచుకున్నాడు. చిన్నప్పుడు ఎప్పుడూ కాచుకోనంతసేపు కాచుకున్నాడు.

"అది ఉండనీరా" అంది అక్క కళ్ళు మూసుకొని. "అది నా దగ్గరే ఉంటుంది."

చలికాలం వెళ్ళేలోపు అక్క పోయింది. మధ్యాహ్నంపూట, బావ రొట్టెలు దింపి తిరిగొచ్చే వేళకి. ఆక్సిజన్ మిషను ఆపేశాక ఇంట్లో నిశ్శబ్దం భరించలేక బావ వ్యాను ఇంజను ఆన్ చేసి అందులోనే కూర్చున్నాడు చాలాసేపు. ఊదుగొట్టం కుట్టు మిషను సొరుగు తీసి ఆమె వరసని చూశాడు. ముట్టుకోకుండా సొరుగు మూసేశాడు.

కొన్ని నెలలకి మళ్ళీ కచేరీ పెట్టారు. హాలు నడిపే పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. "ఆ ఇద్దరి పాట లేకపోతే జనం ఒప్పుకోరండీ. రెండోది ఎవరైనా శిష్యుడి చేత వాయించండి, లేదా ముందే రికార్డు చేసి పెట్టేద్దాం. ఎవరికీ తెలీను కూడా తెలీదు" అన్నాడు.

"వద్దండీ. ఉన్నది ఉన్నట్టు వాయిస్తాను" అన్నాడు ఊదుగొట్టం.

షకుహాచి అయింది, నాయ్ అయింది, ముక్కుతో ఊదేది కూడా అయింది. చివర్న నీలం సంచి తాడు విప్పాడు. ఎప్పుడూ కూర్చునే చోటే, పక్కన చోటు వదిలి కూర్చున్నాడు. ఒక స్వరం, ఒక ఖాళీ. ఒక స్వరం, ఒక ఖాళీ. మొదట్లో జనం కదిలారు. గొట్టం పగిలిందేమో అని ఎవరో గుసగుసలాడారు, ఎవరో దగ్గారు. కాసేపటికి అవీ ఆగిపోయాయి. అతను ఎక్కడా తొందరపడలేదు. ఆమె వంతు ఎంత పొడుగో అంతా ఆమెకే వదిలి, తనది మాత్రం ఊదాడు. కళ్ళలో నీళ్ళు నిండి ముందు వరస మసకగా కనబడుతోంది.

చివరి స్వరం ఊది, గొట్టాలు పెదవికి ఆనించే ఉంచి ఆగాడు.

బావ ఎప్పుడూ చప్పట్లు కొట్టేది సరిగ్గా ఇక్కడే. ముందు వరసలో బావ చేతులు రెండూ పైకి లేచాయి. దగ్గరగా వచ్చి ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయారు. బావ కుర్చీలోంచి లేచి వెనక్కి తిరిగి, లేచిన ఆ చేతుల్నే అడ్డం పెట్టాడు.

"ఉండండి" అన్నాడు. "మా ఆవిడది ఇంకా ఒకటి ఉంది."